చేసింది గాబట్టే తీసింది

మొన్న ఆదివారం ప్రార్థన మధ్యలో లేచి నిలబడి అరిచాను. ఈ వయసులో, తెల్లచీర కట్టుకొని, చేతిలో పాటల పుస్తకం పట్టుకొని, అంగట్లో కొట్లాడినట్టు అరిచాను.

మా కోడలు ఈ మధ్య వికారాబాదులో ఒక కొత్త ప్రార్థన కూటానికి వెళ్తోంది. టైర్ల దుకాణం మీద అద్దె హాలు. ఆ రోజు నన్నూ వెంట తీసుకెళ్ళింది. చెవికి మైకు తగిలించుకున్న కుర్ర బోధకుడు ఒక చంటిపిల్ల తల్లిని ముందుకు పిలిచాడు. బిడ్డకు చాలా రోజులుగా జ్వరం వచ్చిపోతోందట. ఆయన కళ్ళు మూసుకొని, "మీ ఇంటికి పడమటి దిక్కున ఒక ఆడమనిషి ఉన్నది. ఆమె చూపు మీ ఇంటి మీద పడ్డదని ఆత్మ చెప్తున్నడు" అన్నాడు.

ఆ తల్లి బిడ్డను గట్టిగా అదుముకుంది. పడమటి దిక్కున ఎవరున్నారా అని మనసులోనే ఇల్లిల్లూ వెతుక్కోవడం ఆమె మొహంలో కనిపించింది. వెతికితే ఎవరో ఒకరు దొరుకుతారు. ప్రతి ఇంటికీ ఒక పడమర ఉంటుంది.

"ఆమెకు పేరుంటది గద! పేరు చెప్పు, నేను పొయ్యి ఆమెనే అడుగుత. చెప్పవేం?" అని అరిచాను.

బోధకుడు నవ్వి, "పెద్దమ్మ లోపల ఏదో అంధకార శక్తి పనిచేస్తున్నది, అందరు చేతులు చాపి ప్రార్థన చెయ్యండి" అన్నాడు. హాలంతా నా వైపు చేతులు చాపింది. మా కోడలు నన్ను మెట్లు దింపి ఆటో ఎక్కించింది. దారిలో, "ఎందుకత్తమ్మా గంత కోపం? ఆయన ప్రార్థననే చేసిండు గద" అంది.

ఎందుకో ఆటోలో చెప్పే సంగతి కాదు. చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన తల్లిని మేము అవ్వ అనేవాళ్ళం. మా పల్లె యాలాల్ దాటి లోపలికి ఉండేది. గోడలకు బండలే, నేలకూ ఇంటి కప్పుకూ బండలే. చలికాలం పొద్దున ఆ బండ మీద కాలు పెడితే మంచు మీద పెట్టినట్టుండేది. అమ్మానాయనా బొంబాయికి కూలికి పోతే, నన్నూ తమ్ముణ్ణీ అవ్వే సాకేది. మాతోపాటు మేనత్త ఉండేది. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చేసింది. పొడుగాటి మనిషి, గట్టి గొంతు. నాగలి పట్టేది, బండి తోలేది, తనను ఎవరైనా ఒక మాటంటే వాళ్ళు దారి మలుపు తిరిగేదాకా పది మాటలు అనేది.

అవ్వ ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. ఉరిమితే భయం, బల్లి పడితే భయం, ఖాకీ చొక్కా కనబడితే భయం. రైలు కూత వింటే గుండె పట్టుకునేది. ధారూరు అడవి వాగులో బాప్తిస్మం తీసుకున్న మనిషే, కానీ ఆ వాగులో దిగడానికీ భయపడి బోధకుడి మెడ పట్టుకుని వేలాడిందని అత్త నవ్వుతూ చెప్పేది. మా సంఘపెద్ద ఒకసారి అవ్వను, "నీకు విశ్వాసం తక్కువ. విశ్వాసం ఉన్నోళ్ళకు భయం ఉండదు" అన్నాడు. అవ్వ మెల్లగా, "భయమే లేకపోతే నాకు దేవునితోని ఏం పనయ్యా?" అంది.

మేము, పిల్లలం, మాత్రం దేనికీ భయపడేవాళ్ళం కాదు. మూడు దారులు కలిసేచోట ఎవరో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయలను ఏరుకొచ్చి, పసుపు కడిగేసి, అంబలిలో పిండుకొని తాగాం. అవ్వకు తెలిసి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. మా ఇద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకొని, మా పొట్టల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసింది. ఆ చేతులు వణుకుతూనే ఉన్నాయి. అయిపోయాక మిగిలిన సగం నిమ్మచెక్క చూసి, "ఇంకింత అంబలి ఉంటే నాకూ పొయ్యిండ్రి" అంది.

ఆ ఏడాది కంది బాగా కాసింది. ఏ పొయ్యి మీద చూసినా ఉప్పు వేసి ఉడకబెట్టిన కందికాయల కుండే. ఆ వాసన, కందికట్టె పొగ, జొన్న రొట్టె మాడు, పల్లీల తొక్కు వాసన కలిసి మా ఇళ్ళ మీద పొద్దుగూకేవరకు కమ్ముకొని ఉండేవి. కాయలన్నీ పటేల్ పొలంలోవే. ఆ ఊళ్ళో ఎటు చూసినా పటేల్ పొలాలే. మేమూ ఒక మధ్యాహ్నం ఒడి నిండా తెంపుకున్నాం. నేను ఉరికాను. తమ్ముడు ఉరకలేక దొరికిపోయాడు. పటేల్ తన చేతిలోని ఎద్దుల ములుగర్రతో వాడి తల మీద కొట్టాడు. నెత్తురు చెవి మీదుగా కారింది.

అత్త వాణ్ణి ఎత్తుకొని పటేల్ ఇంటి ముందుకు పోయి నిలబడి, ఊరంతా వినేట్టు తిట్టింది. "గుప్పెడు కందికాయలకు పిలగాని తల పగులగొడ్తవా? నీ పిల్లలకు తగిలిననాడు తెలుస్తది నీకు! తల్లడిల్లుతవు చూడు!"

ఏ తల్లయినా అనే మాటే. కొన్ని రోజులకే పటేల్ చిన్నకొడుక్కి జ్వరం వచ్చింది. తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ మూర్ఛ వచ్చింది. బషీరాబాద్ అవతల నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. వాడు కన్నడం కలిసిన తెలుగులో ఏదో గొణిగి, పొగ వేసి, నిమ్మకాయ దొర్లించి, ఊరికి పడమటి దిక్కున ఒక ఆడది బాణామతి చేసింది అన్నాడు. పడమటి దిక్కున ఉన్నవి మా ఇళ్ళే. ఇక పేరు చెప్పే పని వాడికి పడలేదు. ఊరే చెప్పుకుంది.

ఎవరో నిమ్మకాయల సంగతి కూడా తవ్వితీశారు. దిష్టి నిమ్మకాయలు తిన్నా ఆ పిల్లలకు ఏమీ కాలేదంటే ఆ ఇంట్లో ఎంత పెద్ద శక్తి ఉందో చూడండి అన్నారు. నేను తిన్న నిమ్మకాయ వల్లే అత్తకు ఈ కష్టం వచ్చిందని నేను ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోను. పాపం చేసినవాళ్ళు వేరే ఉన్నారు.

పటేల్ మనుషుల సంగతి అటుంచండి. మా వాళ్ళు, ఆదివారం మా పక్కన చాప మీద కూర్చొని హల్లెలూయ అన్నవాళ్ళు, తలుపులకు ఎండుమిరపకాయలు కట్టుకున్నారు. బోరింగు దగ్గర అత్త బిందె పెడితే వాళ్ళ బిందెలు వెనక్కి జరుపుకున్నారు. ఆ రోజు నాకు ఎక్కిన కోపం ఈనాటికీ దిగలేదు. పటేల్ అంటే పటేల్. వీళ్ళకేమైంది?

మంత్రగాడు చెప్పిపోయిన విరుగుడు ఒక్కటే. చేసినదాని పళ్ళు పీకాలి. పళ్ళు లేని నోట మంత్రం పలకదట. ఒక పొద్దున డప్పు కొట్టి చెప్పారు, పొద్దుగూకేసరికి అత్త చావడి దగ్గరికి రావాలని. కమ్మరి కొలిమి నుంచి పట్టుకారు తెచ్చి అప్పుడే చావడి అరుగు మీద పెట్టారు. నేను చూశాను. మామూలు పట్టుకారే. కర్రు కాల్చేటప్పుడు పట్టుకునేది.

అత్త ఇంట్లోకి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. అంత గొంతున్న మనిషి గుసగుసగా, "అమ్మా, నేను బాయిల దుంకుత. గా చెయ్యి నా నోట్ల పెట్టనియ్య" అంది.

అవ్వ సంఘపెద్ద ఇంటికి పరుగెత్తింది. నేనూ వెనకే పోయాను. ఆయన తలుపు సగమే తీశాడు.

"మనం పటేల్ పొలాల్ల బతికెటోళ్ళం. గీ లొల్లిల నన్ను గుంజకు. నేను ఇంట్ల కూసోని ప్రార్థన చేస్త, పో" అన్నాడు.

"ఇంట్ల కూసోని చేసే ప్రార్థన నేను చేసిన. ఇగ సాలు" అంది అవ్వ.

ఇంటికొచ్చింది. మూలకున్న జొన్న రొట్టెలు గుడ్డలో మూటగట్టింది. అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ ప్రార్థన నాకు మాటమాటగా గుర్తు.

"ప్రభువా, నా కాళ్ళు వణుకుతున్నయి. వణికేదాన్ని వద్దనకు. నువ్వు ముందుగాల నడువు, నేను వెనుక వస్త."

అంతే. ఆమెన్ కూడా అనలేదు. లేచి అత్త చెయ్యి పట్టుకొని, "నడువు బిడ్డా, పటేల్ ఇంటికి పోదం" అంది.

"పిచ్చి లేసిందా నీకు?"

"పొద్దుగూకెదాక కూసుంటే వాళ్ళు తీస్కపోతరు. ఇప్పుడైతే మనమే పోతం."

తమ్ముణ్ణి చంకన వేసుకొని, నన్ను వెంటబెట్టుకొని నడిచింది. నడిమధ్యాహ్నం. పటేల్ ఆ మంత్రగాణ్ణి మళ్ళీ తేవడానికి బషీరాబాద్ వైపు పోయాడు. మా వాళ్ళెవరూ ఆ ఇంటి ముందు వాకిట్లో చెప్పులతో నడవరు, గడప మాట అసలే లేదు. చినుకు పడితే ప్రభువా అనే మా అవ్వ ఆ గడప దాటి లోపలికి పోయింది. దాటేముందు ఒక్కసారి కళ్ళు మూసుకోవడం చూశాను.

లోపల వేపాకు పొగ, కారం పొగ. మంచం మీద పిల్లవాడు, నా తమ్ముడంతే ఉంటాడు, కళ్ళు పైకి తేలవేసి పడి ఉన్నాడు. పటేలమ్మ తల దగ్గర కూర్చుంది. అత్తను చూసి కొడుకు మీద పడి, "రాకుండ్రి! దగ్గరికి రాకుండ్రి!" అని కేక పెట్టింది.

అవ్వ ఆగలేదు. పోయి పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసింది.

"పటేలమ్మా, నీకూ భయమే, నాకూ భయమే. నీ కొడుకు పెయ్యి పొయ్యి లెక్క కాలుతుంది. గీ పొగల ఇట్లనే పండవెడితే పొద్దుగూకెదాక ఉండడు. నా బిడ్డ పండ్లు పీకినా ఉండడు. వికారాబాద్ దవాఖానకు పోదం పా. రైలు దొరుకుతది."

"ఆయన లేడు. ఆయన రానియ్యి" అంది పటేలమ్మ.

"ఆయన వచ్చినంక నువ్వు పోగలుగుతవా?"

పటేలమ్మ అవ్వ మొహంలోకి చూసింది. అక్కడ ఏం కనబడిందో నాకు తెలియదు. లేచి కొడుకును దుప్పట్లో చుట్టుకుంది.

బండి కట్టమంటే జీతగాడు అత్తను చూసి వెనక్కి పోయాడు. అత్తే ఎద్దులను కాడికి కట్టి, తాండూరు దాకా తోలింది. దారి పొడుగునా పటేలమ్మ అవ్వ భుజం వదల్లేదు. స్టేషన్లో ఇంజను కూత వేసేసరికి అవ్వ కూడా పటేలమ్మ భుజం పట్టుకుంది. అవ్వకు అదే మొదటి రైలు ప్రయాణం. ధారూరు దాటేదాకా కళ్ళు తెరవలేదు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. పిల్లవాడికి మధ్యలో మళ్ళీ మూర్ఛ వచ్చింది. అత్త వాణ్ణి పక్కకు తిప్పి పట్టుకొని, నోట్లో నురగ తన కొంగుతో తుడిచింది. పటేలమ్మ అడ్డు చెప్పలేదు. వికారాబాద్ దిగేముందు అవ్వ రొట్టె మూట విప్పి ఒక ముక్క తుంచి ఇస్తే, మా ఇంటి రొట్టె, ఆమె తీసుకొని తింది.

జ్వరం మెదడుకు ఎక్కిందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకొక పూట ఆగితే చేసేదేమీ ఉండేది కాదంది. "ఎవరు తీసుకొచ్చారు పిల్లవాణ్ణి?" అని అడిగింది.

పటేలమ్మ అత్తను చూపించి, "ఈమెనే. ఈమె లేకపోతే నా కొడుకు లేడు" అంది. నా చెవులతో విన్నాను.

కొన్నాళ్ళకు పిల్లవాడు కళ్ళు తెరిచి తిండి అడిగాడు. అంతదాకా రాని పటేల్ ఆ కబురు అంది మరునాడే వచ్చి మంచం పక్కన కూర్చొని ఏడ్చాడు. మాతో ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళూ మేమూ ఒకే రైలులో తాండూరు తిరిగివచ్చాం, వేరువేరు పెట్టెల్లో. వాళ్ళు బండిలో ఊరికి పోయారు. మేము నడిచి పోయాం.

ఇక అయిపోయిందనుకున్నాను. ఊరు మాకు ఎదురొస్తుందనుకున్నాను. మేము వీధిలోకి రాగానే వాకిళ్ళలో ఉన్న ఆడవాళ్ళంతా లోపలికి పోయారు. సంఘపెద్ద తన గోడ మీదుగా ఎవరితోనో అంటుంటే విన్నాం:

"చేసింది గాబట్టే తీసింది. చెయ్యకపోతే తియ్యనెట్ల వస్తది?"

అదీ ఊరి తీర్పు. పిల్లవాడు చచ్చిపోతే అత్త దోషి. బతికినా అత్తే దోషి. ఇప్పుడు ఇంకా పెద్ద దోషి, ఎందుకంటే సాక్ష్యం లేచి తిరుగుతోంది. రాత్రికి రాత్రే మా గడప ముందు కొబ్బరికాయలు పెట్టిపోవడం మొదలైంది, మమ్మల్ని ఏం చెయ్యకమ్మా అని.

అత్త మరుసటి పొద్దున కొబ్బరికాయలన్నీ తట్టలో వేసుకొని చావడి ముందు గుమ్మరించింది. పటేల్ అరుగు మీద ఉన్నాడు. ఎదురుగా వాళ్ళ ఇంటి తలుపులో పటేలమ్మ నిలబడి ఉంది.

"పటేలమ్మా! దవాఖానల డాక్టరమ్మ ఏం చెప్పిందో ఈళ్ళకు చెప్పు. జ్వరమని చెప్పు. ఒక్క మాట చెప్పు, సాలు!"

పటేలమ్మ మొగుడి వైపు చూసింది. తల మీదికి కొంగు లాక్కుంది. లోపలికి పోయింది.

పటేల్ దయగల మొహం పెట్టి, "పానం నిలబెట్టినవ్ గనుక నిన్నేమంటలేం. ఊరిడిసి పో" అన్నాడు.

మూటలు నెత్తిన పెట్టుకొని తాండూరు దారి పట్టాం. అత్త నడుస్తూనే, "అమ్మా, నీ దేవుడు నా భయం తీస్కున్నడు. కోపం మాత్రం నాకే ఇడిసిపెట్టిండు" అంది.

"ఉండనియ్యి బిడ్డా" అంది అవ్వ. "పొయ్యిల కట్టె లెక్క ఉంచుకో. కొంపకంటిన నిప్పు లెక్క గాదు."

తాండూరులో అత్త కందిపప్పు మిల్లులో పనికి కుదిరింది. సాయంత్రం ఆమె వెంట్రుకల్లో, కనురెప్పల మీద పప్పు దుమ్ము ఉండేది. అమ్మానాయనా బొంబాయి నుంచి నేరుగా అక్కడికే వచ్చారు. నేను చదువుకున్నాను, పిల్లలకు పాఠాలు చెప్పాను. మా గది రైలు పట్టాల పక్కనే. కూత విన్న ప్రతిసారీ అవ్వ ప్రభువా అనేది, చివరిదాకా. కానీ భయపడ్డ ఆడవాళ్ళు ఆ గదికే వచ్చేవాళ్ళు. తాగొచ్చి కొట్టే మొగుడంటే భయపడేవాళ్ళు, కడుపు నిలవనివాళ్ళు, దిష్టి తగిలిందనుకున్నవాళ్ళు. ఎవరో ఏదో చేశారని మొదలుపెడితే అవ్వ ఆపేసేది. "ఎవరు చేసిండ్రో నాకొద్దు. ఎక్కడ నొస్తుందో చెప్పు" అనేది. వాళ్ళ చెయ్యి పట్టుకొని, తనూ వణుకుతూ, తన మూడు మాటల ప్రార్థన చేసేది. తరువాత దవాఖానకో, అవసరమైతే పోలీసు స్టేషనుకో వాళ్ళ వెంట నడిచేది. ఖాకీ చొక్కాను చూసి నా చెయ్యి నొక్కేది, కానీ వెనక్కి తిరిగేది కాదు. విశ్వాసమంటే నాకు తెలిసింది అంతే. ఆ తరువాత ఎన్ని ప్రసంగాలు విన్నా అంతకు మించి నాకేమీ దొరకలేదు.

మా పల్లె ఇప్పుడు లేదు. మా ఇళ్ళు ఉన్న పడమటి వైపు కింద మంచి బండ పడిందని తవ్వుకుంటూ పోయారు. పెద్ద గుంత, అడుగున పచ్చటి నీళ్ళు. కందికాయల కుండలూ లేవు, ఆ పొగా లేదు. ఆ ఊరు పోయినందుకు నాకు బాధ లేదు.

అవ్వ తాండూరులోనే చనిపోయింది. సమాధుల తోటకు చాలామంది ఆడవాళ్ళు వచ్చారు. పెట్టె దించాక, గేటు బయట కారు ఆగింది. తల నెరిసిన ఒక మనిషి దిగి అక్కడే నిలబడింది. పటేలమ్మ. నేను కదల్లేదు. అత్త నడిచి ఆమె దగ్గరికి పోయింది. నేనూ వెనక పోయాను, ఏమన్నా అంటే వినాలని.

పటేలమ్మ అత్తను చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. సిగ్గుతో అనుకున్నాను. సిగ్గయితే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ కళ్ళలో ఉన్నది భయం. మా రొట్టె తిని, డాక్టరమ్మ ముందు నిజం చెప్పి, ఇన్నేళ్ళు ఆ కొడుకు నీడలో బతికి, ఆ మనిషి చివరికి ఊరి మాటే నమ్ముకుంది. నిజం చెప్పలేకపోయినవాళ్ళకు అబద్ధాన్ని నమ్మడమే సులువేమో.

అత్తకూ అర్థమైంది. వంగి పిడికెడు మట్టి తీసి, పటేలమ్మ చెయ్యి పట్టుకొని అందులో పోసింది.

"రా, ఎయ్యి. మా అమ్మకు నీ మీద కోపం లేకుండె. నాకున్నది. అయినా వచ్చినవ్ గద, ఎయ్యి" అంది.

పటేలమ్మ వచ్చి మట్టి వేసింది. వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. తరువాత కూడా, కారు దాకా నడుస్తూ, తుడుచుకుంటూనే ఉంది.

మట్టి అంటితే ఎవరైనా తుడుచుకుంటరు బిడ్డా అని ఉండేది అవ్వ, బతికుంటే. నేను అవ్వను కాను.